పిట్ ప్రసంగం రాసింది ఎవరు? జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ కథ

లండన్‌లో శామ్యూల్ ఫుట్ అనే నాటకాల ఆయన ఇంట్లో ఒకసారి నలుగురైదుగురు భోజనానికి కూర్చున్నారు. మాటల్లో పాత పార్లమెంటు చర్చల ప్రస్తావన వచ్చింది. వాళ్లలో డాక్టర్ ఫ్రాన్సిస్ అనే పండితుడున్నాడు. గ్రీకు వక్త డెమాస్తనీస్ మీద ఎనిమిదేళ్లు కూర్చుని ఆయన ప్రసంగాలను ఇంగ్లిష్‌లోకి తెచ్చినవాడు. ప్రధాని వాల్పోల్ ప్రభుత్వం చివరి రోజుల్లో విలియం పిట్ అనే సభ్యుడు పార్లమెంటులో చేసిన ఒక ప్రసంగం ముందు డెమాస్తనీస్ కూడా దిగదుడుపేనని ఆయన తేల్చేశాడు. మిగతావాళ్లు తలలూపారు. కొందరు అందులోని వాక్యాలు అప్పజెప్పారు. పొగడ్తలన్నీ అయ్యాక, అప్పటిదాకా నోరు మెదపని రచయిత శామ్యూల్ జాన్సన్ అన్నాడు: "ఆ ప్రసంగం ఎక్సెటర్ వీధిలో ఒక అటక గదిలో కూర్చుని నేను రాశాను."

ఆయన గొప్పలకు పోయి అన్న మాట కాదది. పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ గ్యాలరీలోకి జన్మలో ఒక్కసారే వెళ్లానని కూడా ఆయనే చెప్పాడు. అయినా 1740 నవంబరు మొదలు 1743 ఫిబ్రవరి వరకు బ్రిటిష్ పార్లమెంటులో జరిగిన చర్చలంటూ జనం చదివినవి ఆయన కలంలోంచి వచ్చినవే. అవి అచ్చయిన పత్రిక పేరు 'ది జెంటిల్‌మన్స్ మ్యాగజైన్'. ఎవరూ ఆ మాటల్లో చేయని ప్రసంగాలను ఒక పత్రిక ఎందుకు అచ్చువేయాల్సి వచ్చింది? జనం ఎలా నమ్మారు? చరిత్ర పుస్తకాల్లోకి అవి ఎలా ఎక్కాయి? ఈ చిక్కు విప్పాలంటే ముందు ఆ పత్రిక ఏమిటో, దాన్ని పెట్టిన మనిషి ఎవరో తెలియాలి.

పాత ఇంగ్లిష్ పత్రిక అనగానే మనవాళ్లకు 'స్పెక్టేటర్' గుర్తొస్తుంది. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి 'సాక్షి' వ్యాసాలకు ఒరవడి అదే. జంఘాలశాస్త్రి ఉపన్యాసాలు చదివి నవ్వుకున్నవాళ్లకు స్పెక్టేటర్ నడిపిన అడిసన్, స్టీల్ పేర్లు ఎక్కడో ఒకచోట తగిలే ఉంటాయి. ఆ స్పెక్టేటర్ 1711 మార్చిలో మొదలై 1712 డిసెంబరుకల్లా ఆగింది. 1714లో కొన్నాళ్లు మళ్లీ కనబడి మాయమైంది. జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ మాత్రం 1731 జనవరిలో మొదలై 1907 దాకా నెలనెలా వచ్చింది. స్పెక్టేటర్ ఇద్దరు మంచి రచయితల పనితనం. ఇది మాత్రం రచయితగా పెద్దగా పేరు లేని ఒక మనిషి తెరిచిన కొట్టు.

పత్రికను కొట్టు అనడం నా చమత్కారమేమీ కాదు, ఆ పేరుకు అర్థమే అది. అప్పటికి ఇంగ్లిష్‌లో 'మ్యాగజైన్' అంటే సరుకు నిల్వచేసే గిడ్డంగి, ముఖ్యంగా మందుగుండు దాచే గది. అరబ్బీలో 'మఖ్జన్' అనే మాట ఇటలీ, ఫ్రాన్సుల మీదుగా ఇంగ్లండు చేరింది. ఆ అరబ్బీ ధాతువులోంచే పుట్టిన ఇంకో మాట పారసీ, ఉర్దూల మీదుగా మన దగ్గరకొచ్చి 'ఖజానా' అయింది. అంటే ఖజానాకూ మ్యాగజైన్‌కూ ముత్తాత ఒకడే. ఎన్‌సీసీలో రైఫిల్ విప్పి తుడిచినవాళ్లకు తూటాలు పెట్టే మ్యాగజైన్ ఇంకా పాత అర్థంలోనే తెలుసు. నెలనెలా వచ్చే పత్రికకు ఈ పేరు స్థిరపడింది 1731లో, ఎడ్వర్డ్ కేవ్ తన పత్రికకు దాన్ని పెట్టిన తరవాతే.

కేవ్ 1691లో వార్విక్‌షైర్‌లో పుట్టాడు. తండ్రి రగ్బీ ఊళ్లో చెప్పులు కుట్టి బతికేవాడు. పిల్లాడికి చదువు బాగానే అబ్బింది, రగ్బీ బడిలో హెడ్మాస్టరు మెచ్చుకునేవాడు కూడా. ఇంతలో ఆ హెడ్మాస్టరు భార్య పెంచుకుంటున్న కోడిపుంజు పోయింది. నేరం ఈ కుర్రాడి మీద పడింది. దాంతో బడిలో బతుకు దుర్భరమై చదువు మానేశాడు. అక్కడా ఇక్కడా పనిచేసి, లండన్‌లో అచ్చుపని నేర్చుకుని, చివరికి తపాలా శాఖలో కుదురుకున్నాడు.

ఆ ఉద్యోగమే ఆయనకు అసలు బడి. దేశం నలుమూలల నుంచి వచ్చే ఊరి పత్రికలన్నీ తపాలా ఆఫీసు మీదుగానే పోవాలి. కేవ్ వాటిని చదివి, అందులోని కబుర్లను లండన్ పత్రికకు వారానికి ఒక గినీకి అమ్మేవాడు. లండన్ కబుర్లను తిరిగి ఊరి పత్రికలకు పంపేవాడు. ఈ రెండో వ్యాపారంలోనే 1728లో దొరికిపోయాడు. పార్లమెంటులో ఏం జరిగిందో గ్లాస్టర్‌లోని ఒక పత్రికకు రాసి పంపినందుకు కామన్స్ సభ ఆయన్ను పిలిపించి కొన్నాళ్లు అదుపులో పెట్టింది. తప్పయిందని చెప్పి, రుసుములు కట్టి బయటపడ్డాడు. అయినా పార్లమెంటు వార్తకు మార్కెట్లో ఎంత గిరాకీ ఉందో ఆయనకు అప్పుడే అర్థమైందని నా అనుమానం. దొంగసరుకుకు ధర ఎక్కువని పట్టుబడ్డవాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మాసపత్రిక ఆలోచనను కేవ్ చాలా ఏళ్లపాటు లండన్ పుస్తక వ్యాపారుల చుట్టూ తిప్పాడు. ఎవరూ ముట్టుకోలేదు. చివరికి తనే క్లర్కెన్‌వెల్‌లోని సెయింట్ జాన్స్ గేట్‌లో ప్రెస్సు పెట్టి మొదలుపెట్టాడు. 1504లో మఠానికి ద్వారంగా కట్టిన పాత రాతి గుమ్మం అది. దాని బొమ్మనే పత్రిక ముఖపత్రం మీద వేశాడు. వెల ఆరు పెన్నీలు. సంపాదకుడి పేరు సిల్వేనస్ అర్బన్. అలాంటి మనిషి ఎవరూ లేడు. లాటిన్‌లో 'సిల్వా' అంటే అడవి, 'అర్బ్స్' అంటే నగరం. మన భాషలో అయితే 'పల్లెపట్నం' అని ఇంటిపేరు పెట్టుకున్నట్టు. కేవ్ పోయిన తరవాత వచ్చిన సంపాదకులు కూడా తరాలపాటు ఇదే పేరు తొడుక్కున్నారు. పాఠకులు 'అర్బన్‌గారికి' అనే ఉత్తరాలు రాసేవాళ్లు.

మొదటి సంచికల్లో సొంత రాతలు తక్కువే. ఎందుకు ఈ పత్రిక అంటే కేవ్ చెప్పిన లెక్క ఇది: నెలకు ఒక్క లండన్ ప్రెస్సుల నుంచే రెండువందల అరఠావుల వార్తాపత్రికలు వస్తున్నాయి, బయటి ఊళ్ల నుంచి ఇంచుమించు ఇంకో అన్ని. ఇవన్నీ కొనేదెవరు, చదివేదెవరు? అందుకని వారపత్రికల్లోని మంచి వ్యాసాలను కుదించి, పద్యాలు, స్టాకు ధరలు, ధాన్యం ధరలు, పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు, దివాలా తీసినవాళ్ల జాబితా, కొత్త పుస్తకాల పేర్లు అన్నీ ఒకే చోట పోగేశాడు. ఇప్పటి మాటలో డైజెస్ట్. ఆ వ్యాసాలు రాసినవాళ్లకు కేవ్ ఏమీ ఇవ్వలేదు. కాపీరైటు చట్టం 1710లోనే వచ్చినా అది పుస్తకాల గురించి, వారపత్రికలో వ్యాసాన్ని కుదించి వేస్తే అడిగే దిక్కు లేదు. వారపత్రికలవాళ్లు తిట్టిపోశారు. అంతకుముందు కేవ్ పథకాన్ని కాదన్న పుస్తక వ్యాపారులే కూటమి కట్టి 1732లో 'లండన్ మ్యాగజైన్' అని అచ్చు ఇలాంటిదే పెట్టారు. పోగేసుకొచ్చి వేసే పద్ధతిని ఇంకొకరు పోగేసుకుపోయారన్నమాట.

ముఖపత్రం మీద పూలగుత్తి పట్టుకున్న చెయ్యి, దాని పక్కన 'ఈ ప్లూరిబస్ ఊనమ్', అంటే 'అనేకంలోంచి ఒకటి'. ఎవరెవరి తోటల్లోవో పూలు కోసి ఒక గుత్తి కట్టానని ఒప్పుకోవడమే ఇది. ఈ పత్రిక అట్లాంటిక్ దాటి అమెరికా వలసల్లోనూ బాగా చదివేవాళ్లు. తరవాత అమెరికా తన ప్రభుత్వ ముద్ర మీద వేసుకున్న నినాదం ఇదే, అక్కడికి ఈ పత్రిక మీదుగానే చేరిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

జాన్సన్ ఈ గుమ్మానికి చేరింది 1738లో. బయటి ఊరి నుంచి వచ్చిన, చేతిలో డబ్బు లేని, ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. సిల్వేనస్ అర్బన్‌ను పొగుడుతూ ఒక లాటిన్ పద్యం పంపాడు, మార్చి సంచికలో వేశారు. అక్కణ్ణుంచి అనువాదాలు, ముందుమాటలు, జీవితచరిత్రలు, ఏది చెబితే అది. ఆ రోజుల్లో ఆయన పరిస్థితి ఎలాంటిదో చెప్పే సంగతి ఒకటుంది. 1744లో జాన్సన్ రాసిన శావేజ్ అనే కవి జీవితచరిత్ర పేరు లేకుండా వచ్చింది. వాల్టర్ హార్ట్ అనే ఆయన కేవ్ ఇంట్లో భోంచేస్తూ ఆ పుస్తకాన్ని తెగ మెచ్చుకున్నాడు. తరవాత కలిసినప్పుడు కేవ్ అన్నాడు: "మొన్న మీరొక మనిషిని చాలా సంతోషపెట్టారు." "మనిద్దరమే కదా ఉన్నది?" అన్నాడు హార్ట్. "తెర వెనక్కి ఒక పళ్లెం పంపించాను, గుర్తుందా? అక్కడ కూర్చుని తింటున్నది జాన్సనే. బట్టలు మరీ చిరిగి ఉన్నాయని బయటికి రాలేదు."

ఇక పార్లమెంటు ముడి.

సభలో మాట్లాడింది బయట అచ్చువేయడం అప్పటికే నేరం. అయినా కేవ్ 1732 నుంచి ఒక సందు పట్టుకున్నాడు. సమావేశాలు ముగిశాక, సభ సెలవుల్లో ఉన్నప్పుడు చర్చలు వేసేవాడు. పేర్లు పూర్తిగా రాయకుండా మొదటి అక్షరం, చివరి అక్షరం పెట్టి మధ్యలో గీత గీసేవాడు. 1738 ఏప్రిల్ 13న కామన్స్ సభ ఆ సందు కూడా మూసేసింది. సెలవుల్లో అయినా సరే, చర్చలు అచ్చువేస్తే సభాహక్కుల ఉల్లంఘనే అని తీర్మానించింది.

మన పేపర్లలో ప్రివిలేజ్ నోటీసు, అంటే సభాహక్కుల ఉల్లంఘన నోటీసు, అనే మాట చూసినప్పుడల్లా దాని వేర్లు ఇక్కడే ఉన్నాయని గుర్తుచేసుకోవచ్చు. 1950 నాటి మన రాజ్యాంగం 105, 194 అధికరణలు చట్టసభల హక్కులు బ్రిటన్ కామన్స్ సభ హక్కుల లాంటివేనని నేరుగా ఆ పేరు పెట్టే చెప్పాయి. ఆ మాట తీసేసింది 44వ సవరణ. 1983లో 'ఈనాడు' పెట్టిన 'పెద్దల గలభా' అనే శీర్షిక మీద ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సంపాదకుణ్ణి అరెస్టు చేయించేదాకా వెళ్లబోతే సుప్రీంకోర్టు స్టే ఇచ్చిన సంగతి ఆ తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

కేవ్‌కు అప్పుడు కోర్టూ లేదు, స్టే కూడా లేదు. ఆయన వెతుక్కున్న దారి విడ్డూరమైనది. 1726లో వచ్చిన స్విఫ్ట్ 'గలివర్ యాత్రలు' అప్పటికి అందరూ చదివేశారు. ఆరంగుళాల మనుషులుండే లిల్లిపుట్ దేశం అందరికీ తెలుసు. 1738 జూన్ సంచికలో గలివర్ మనవడు తాత పరువు నిలబెట్టడానికి మళ్లీ లిల్లిపుట్ వెళ్లాడనీ, అక్కడి పార్లమెంటు చర్చలు రాసుకొచ్చాడనీ ఒక కథ అల్లి, వాటిని వరసగా వేయడం మొదలైంది. సభ్యుల పేర్లు అక్షరాలు తారుమారైన పేర్లు. వాల్పోల్ 'వాలెలాప్' అయ్యాడు, పిట్ 'ప్టిట్' అయ్యాడు. కామన్స్ సభ్యులు 'క్లినాబ్‌లు', లార్డులు 'హర్గోలు', లండన్ 'మిల్డెండో'. అమెరికాను 'కొలంబియా' అన్నారు, ఆ పేరు అచ్చులో దొరికిన తొలి జాడల్లో ఇదొకటి. ఎవరెవరో పోల్చుకోలేనివాళ్లు లేరు. కానీ లిల్లిపుట్ సభ్యుడి మాట అచ్చువేశారని కామన్స్ సభ కేసు పెట్టాలంటే, ఆ ఆరంగుళాల మనిషి తామేనని ముందు ఒప్పుకోవాలి. పోటీ పత్రిక లండన్ మ్యాగజైన్ తన చర్చలను ఒక క్లబ్బులో రోమన్ పేర్లున్న పెద్దమనుషులు మాట్లాడుకున్నట్టు వేసింది. నా ఓటు లిల్లిపుట్‌కే.

ముసుగు దొరికింది సరే, సరుకు ఎలా దొరుకుతుంది? జాన్సన్ చెప్పిన ప్రకారం కేవ్‌కు సభ ద్వారపాలకులతో పరిచయం ఉంది. ఆయనా, ఆయన మనుషులూ లోపలికి దూరేవాళ్లు. ఏ విషయం మీద చర్చ, ఎవరెవరు లేచారు, ఏ వరసలో లేచారు, ఎవరు ఏ పక్షం, ఏ వాదన ఎత్తుకున్నారు, ఈ ముక్కలు పట్టుకొచ్చేవాళ్లు. మొదట్లో విలియం గత్రీ అనే రచయిత వాటిని ప్రసంగాలుగా మలిస్తే జాన్సన్ దిద్దేవాడు. 1740 నవంబరు చర్చల నుంచి మొత్తం పని జాన్సన్ మీదే పడింది. ముక్కలు కూడా కొన్నిసార్లు సరిగా అందేవి కావు. ఎవరు మాట్లాడారో తెలిస్తే చాలు, ఏం మాట్లాడి ఉండాలో ఆయన కట్టేసేవాడు. గంటకు మూడు కాలమ్‌ల వేగంతో రాసేవాడట.

వాటిలో అందరికీ తెలిసిన ప్రసంగం 1741 నాటిది. ప్రధాని వాల్పోల్ తమ్ముడు హొరేషియో వాల్పోల్ అనే పెద్దమనిషి పిట్‌ను కుర్రవాడివని ఎద్దేవా చేశాడు. పిట్‌కు అప్పుడు ముప్పై రెండు. యువకుడిగా ఉండటమనే ఘోరమైన నేరం తన మీద మోపారనీ, దాన్ని తాను సమర్థించుకోననీ, కాదననూ కాదననీ పిట్ జవాబు మొదలవుతుంది. నిజంగా పిట్ ఆ రోజు లేచి ఏదో ఘాటుగానే అన్నాడు. ఇక్కడ జాగ్రత్తగా విడదీయాల్సింది ఒకటుంది. ఈ చర్చలు గాలిలోంచి పుట్టినవి కావు. చర్చ జరిగింది, మాట్లాడినవాళ్లు వాళ్లే, చాలాచోట్ల వాదన కూడా అదే. అయితే ఆ వాక్యాల తూకం, ఆ విరుపు, ఆ వరస జాన్సన్‌వి. అందుకే అందులో ప్రతి సభ్యుడూ, వాడు ఎంత మొద్దబ్బాయి అయినా, జాన్సన్ లాగే మాట్లాడతాడు. ఒకటికి రెండు చదివితే పట్టేయొచ్చు.

ఫుట్ ఇంటి విందులో జాన్సన్‌ను ఎవరో పొగుడుతూ, మీరు రెండు పక్షాలకూ సమానంగా న్యాయం చేశారన్నారు. "పైపైన బాగానే సర్దాను. కానీ ఆ విగ్ కుక్కలది పైచేయి కాకుండా చూసుకున్నాను" అన్నాడాయన. జాన్సన్ టోరీ పార్టీ పక్షపాతి, విగ్‌లది ఎదుటి పార్టీ, ప్రధాని వాల్పోల్‌ది అదే. నిజానికి అచ్చులో ఉన్న చర్చలు చూస్తే ఆయన చెప్పుకున్నంత పక్షపాతం కనబడదు, వాల్పోల్ నోట కూడా మంచి జవాబులే పెట్టాడు. రాసేటప్పుడు చేతిలోని విద్య రాజకీయాన్ని మించిపోయి ఉంటుంది.

పత్రికకు ఇది కాసుల పంట. నెలకు పదివేల కాపీలున్న అమ్మకం ఈ చర్చలతో పదిహేను వేలకు పెరిగిందని జాన్సన్ మిత్రుడు హాకిన్స్ రాశాడు. కేవ్ కిటికీలోంచి బయటికి చూసినా పత్రిక కోసమే చూసేవాడని జాన్సన్ అనేవాడు. చందాదారుడు ఒకడు మానేయబోతున్నాడని చెవిన పడితే చాలు, వచ్చే నెల ఏదైనా మంచిది వేద్దాం అనేవాడట. ఒక్క చందా పోతే ప్రాణం కొట్టుకునే చిన్నపత్రిక సంపాదకులను మనమూ చూశాం.

జనం వీటిని అక్షరాలా నిజమనుకుంటున్నారని తెలిశాక జాన్సన్ రాయడం ఆపేశాడు. అప్పటికే ఆలస్యమైంది. ముసుగు పేర్లు తీసేసి అసలు పేర్లు పెట్టి ఈ చర్చలను పార్లమెంటు చరిత్ర సంపుటాల్లోకి ఎక్కించారు. ఛెస్టర్‌ఫీల్డ్ ప్రభువు చనిపోయాక 1777లో ఆయన రచనలు వేస్తే, ఆయన వాక్పటిమకు నమూనాగా పెట్టిన ప్రసంగాల్లో రెండు జాన్సన్‌వే. "తమాషా ఏమిటంటే ఒకటి డెమాస్తనీస్‌లా ఉందట, ఇంకోటి సిసిరోలా ఉందట" అని నవ్వాడాయన. కానీ 1784లో చనిపోవడానికి కొద్దిరోజుల ముందు, అప్పటి మ్యాగజైన్ సంపాదకుడు జాన్ నికల్స్‌తో వేరేగా మాట్లాడాడు. తన రాతలన్నిటిలో మనసుకు గుచ్చుకుంటున్నవి ఆ చర్చలొక్కటే అన్నాడు. నిఘంటువు కట్టిన మనిషి, మాటకు ఉన్న బరువు తెలిసినవాడు.

కేవ్ అదృష్టం 1747 దాకా సాగింది. ఆ ఏడాది తిరుగుబాటు నేరం మీద లొవాట్ ప్రభువు విచారణ విశేషాలు వేసినందుకు లార్డ్స్ సభ ఆయన్ను పట్టించి తెప్పించింది. మోకాళ్ల మీద క్షమాపణ, మందలింపు, రుసుములు. ఆ తరవాత కొన్నేళ్లు పత్రికలో చర్చల ఊసే లేదు. బ్రిటిష్ పత్రికలు పార్లమెంటు వార్తలు దాదాపు బాహాటంగా వేయగలిగింది 1771లో లండన్ నగరాధికారులు అచ్చుయజమానుల పక్షాన నిలబడ్డాకే.

కేవ్ 1754 జనవరిలో పోయాడు. తరవాతి నెల సంచికలో ఆయన జీవితచరిత్ర వచ్చింది, రాసింది జాన్సనే. స్పృహ ఉండగా కేవ్ చివరిగా చేసిన పనుల్లో ఒకటి, ఈ కథ రాస్తున్న చేతిని ఆప్యాయంగా నొక్కడం అని అందులో ఉంది. పిసినారి, మొద్దు మనిషి అని పేరున్న యజమాని గురించి, తెర వెనక తిండి తిన్న మనిషి రాసిన వాక్యం అది. కేవ్‌కు పత్రిక కాక వేరే పిచ్చులూ ఉండేవి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తు ప్రయోగాల ఉత్తరాలను 1751లో పుస్తకంగా వేసింది ఈయనే. నార్తాంప్టన్‌లో నీటి చక్రంతో తిరిగే నూలు మిల్లు పెట్టి నష్టపోయాడు కూడా. పేరులో జెంటిల్‌మన్ ఉన్నా ఎలిజబెత్ కార్టర్ అనే అమ్మాయి పద్యాలను పదహారేళ్ల వయసు నుంచే 'ఎలైజా' పేరుతో అచ్చువేసి ఆమెకు పాఠకులను సంపాదించిపెట్టాడు.

1778లో నికల్స్ వాటా కొన్నాక పత్రిక రూపు మారింది. వారపత్రికల కుదింపులు పోయి పాఠకుల ఉత్తరాలే ప్రధానమయ్యాయి. పల్లెటూరి చర్చి పూజారులు, వైద్యులు, పాత నాణేలు ఏరుకునేవాళ్లు, వానలు కొలిచేవాళ్లు రూపాయి ఆశించకుండా రాసేవాళ్లు. చావు కబుర్ల జాబితాను నికల్స్ పెద్ద శీర్షికగా పెంచాడు. పద్దెనిమిదో శతాబ్దపు మధ్యతరగతి ఇంగ్లిష్‌వాడి వివరం కావాలంటే ఈ రోజుకీ పరిశోధకులు మొదట తెరిచేది ఈ సంపుటాలే.

అలాంటి ఉత్తరం ఒకటి మన దేశంతో ముడిపడింది. 1794 అక్టోబరు సంచికలో 'బి.ఎల్.' అనే పొడి అక్షరాలతో అచ్చయింది, పక్కన ఒక మనిషి ముఖం బొమ్మ. పేరు కవాస్జీ, ఇంగ్లిష్ సైన్యంలో ఎడ్లు తోలేవాడు. 1792 యుద్ధంలో టిప్పు సుల్తాను మనుషులకు చిక్కితే ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. (ఆ యుద్ధంలో హైదరాబాదు నిజాం సేన కంపెనీ వైపే ఉంది.) ఏడాదిపాటు ముక్కు లేకుండా తిరిగాక, పుణె దగ్గర ఇటుకలు చేసే కులంవాడొకడు అతనికి కొత్త ముక్కు పెట్టాడు. ఇద్దరు ఇంగ్లిష్ వైద్యులు పక్కన నిలబడి చూశారు.

ఉత్తరంలో పద్ధతి అంతా ఉంది. ముందు పలుచటి మైనపు రేకును ముక్కు మొండానికి అమర్చి ముక్కు ఆకారం తెస్తారు. దాన్ని తీసి చదును చేసి నుదుటి మీద పరిచి చుట్టూ గీత గీస్తారు. ఆ గీత వెంబడి చర్మం ఒలుస్తారు, కానీ రెండు కళ్ల మధ్య సన్నటి పట్టీ ఒకటి కోయకుండా ఉంచుతారు. నెత్తురు అందేది దాని గుండానే. ఒలిచిన చర్మాన్ని కిందికి తిప్పి ముక్కు చోట కూర్చి, అతుకు మీద కాచు, మన కిళ్లీలో వేసే కాచే, నీళ్లలో మెత్తగా నూరి గుడ్డపీలికలకు పూసి ఐదారు పొరలు అంటిస్తారు. నాలుగు రోజులు ముట్టుకోరు. తరవాత నెయ్యిలో తడిపిన గుడ్డలు. పదో రోజున ముక్కు రంధ్రాలు మూసుకుపోకుండా లోపల మెత్తటి గుడ్డ దోపుతారు. ఇరవై ఐదో రోజు ప్రాంతంలో ఆ పట్టీ కోసేస్తారు.

సుశ్రుతుడి గ్రంథంలో చెంప చర్మంతో ముక్కు కట్టడం ఉంది. నుదుటి చర్మంతో చేసే ఈ విద్య ఒక మాసపత్రిక ఉత్తరాల పేజీల్లోంచి ఐరోపా చేరింది. జోసెఫ్ కార్ప్యూ అనే లండన్ వైద్యుడు 1814లో దీన్ని తన రోగి మీద చేసి, 1816లో పుస్తకం రాశాడు. వైద్య పత్రికలు అంతగా లేని రోజుల్లో, చర్చి శాసనాల మీద గొడవపడే పూజారుల ఉత్తరాల పక్కన ఇది పడి ఉంది. కొట్టు అన్నాక ఏ మూల ఏముంటుందో యజమానికీ తెలియదు. పిట్ ప్రసంగం దొంగ సరుకని పట్టుకున్నట్టే, కవాస్జీ ముక్కు మేలిరకం సరుకని కూడా వెతికినవాళ్లే పట్టుకోవాలి. ఆ ఉత్తరం పంపినవాడి అసలు పేరు కూడా అచ్చులో లేదు. నాలుగు మాటలు పోగైతే చాలనుకునే పత్రికే రెండింటికీ చోటిచ్చింది.

మిగతా వందేళ్లలో చెప్పుకోదగ్గది తక్కువ. 1802లో ఎడిన్‌బరో రివ్యూ, 1809లో క్వార్టర్లీ, 1817లో బ్లాక్‌వుడ్స్ వచ్చాయి. అవి రచయితలకు దండిగా డబ్బిచ్చి పదునైన విమర్శలు రాయించుకున్నాయి. అన్నీ కొద్దికొద్దిగా పెట్టే పాత కొట్టు వాటి ముందు వెలవెలబోయింది. నికల్స్ 1826లో పోయాడు. 1856లో ఆ కుటుంబం చేతి నుంచి కూడా పత్రిక పోయింది. 1868లో పురావస్తువులన్నీ పక్కన పెట్టి కథలు, నవలలు వేసే మామూలు పత్రిక అయింది. అలాంటివి అప్పటికి బజారునిండా ఉన్నాయి.

1907 సెప్టెంబరు తరవాత బజారులో సంచిక కనబడలేదు. కానీ పేరు మీద హక్కు పోకూడదని యజమానులు నెలనెలా నాలుగు పేజీలు అచ్చువేయిస్తూ వచ్చారు. కాపీలు సాధారణంగా నాలుగే. ఎవరూ కొనరు, ఎవరూ చదవరు. పదిహేను వేల కాపీలు అమ్మిన పత్రిక అలా 1922 దాకా లెక్కల్లో బతికే ఉంది.